బదులు పనితో ఇల్లు: అపోహలు, వాస్తవాలు

నాట్లకీ కలుపులకీ ఒకరి పొలానికి ఒకరు బదులు పోవడం మనకు కొత్త కాదు. ఇందిరమ్మ ఇళ్లు మంజూరైన నాలుగైదు కుటుంబాలు ఇళ్లు కూడా అలాగే కట్టుకుంటామంటే మేస్త్రీగా నేనూ వెళ్తుంటాను. వెళ్లిన ప్రతిచోటా వినపడే మాటలివి.

అపోహ: మన రెక్కలతో కట్టుకుంటే సగం ఖర్చే.

వాస్తవం: అంత లేదు. చిన్న ఇంటికి కూలి దాదాపు మూడో వంతు. మిగతాదంతా సిమెంటు, స్టీలు, ఇటుక, ఇసుక. ఆ కూలిలోనూ మేస్త్రీకి, సెంట్రింగ్ (స్లాబ్ కింద చెక్కలు బిగించే) వాళ్లకి ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే. మీకు మిగిలేది పునాది తవ్వకం, మట్టి నింపడం, ఇటుకల మోత, మాల్ (సిమెంటు, ఇసుక, నీళ్ల ముద్ద) కలపడం. ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వమిచ్చే 5 లక్షల సాయం కూడా ఒక్కసారి రాదు, పని జరిగిన దశను బట్టి వస్తుంది. ఈలోపు చేసే అప్పు మాత్రం తగ్గుతుంది.

అపోహ: పని రానివాళ్లు చెయ్యిపెడితే ఇల్లు నిలవదు.

వాస్తవం: నేను చూసిన పగుళ్లలో ఎక్కువ నీళ్ల దగ్గర మొదలైనవే. స్లాబ్ రోజు మాల్ గట్టిగా ఉందని ఎవరో ఒకరు బకెట్ ఎత్తి పోసేస్తారు. బస్తా సిమెంటుకి 25 లీటర్లనుకున్న లెక్క అక్కడితో తప్పుతుంది. ఇసుక తడిగా ఉంటే అంత కూడా అక్కర్లేదు. అందుకే డ్రమ్ము పక్కన ఒక పెద్దమ్మను కూర్చోబెడతాను, ఆమె సరేనంటేనే నీళ్లు. ఆ తర్వాత పది రోజులు స్లాబ్ తడారకుండా చూడాలి. ఈ పని డబ్బులిచ్చి పెట్టిన మనిషి కన్నా ఇంటివాళ్లే బాగా చేస్తారు.

అపోహ: ఆడవాళ్లు రోజంతా పనిచేసినా బదులు లెక్కలో సగం రోజే.

వాస్తవం: ఇటుకల తట్ట ఎవరు ఎన్నిసార్లు మోశారో లెక్కపెట్టి మాట్లాడండి.

అపోహ: తన ఇల్లు అయ్యాక ఎవడూ రాడు.

వాస్తవం: దీన్ని అపోహ అనడానికి నాకే నోరు రాదు. ఒకచోట మొదటి గృహప్రవేశం భోజనాలయ్యాయి, మర్నాటి నుంచి ఆ ఇంటాయనకి రోజుకో పని. అప్పటినుంచి ఒక ఇల్లు పూర్తిచేసి ఇంకోటి మొదలుపెట్టడం మానేశాను. ముందు అందరి పునాదులు, తర్వాతే అందరి గోడలు. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశంలో ఇలా కట్టుకునే సహకార సంఘాల్లో కుటుంబానికి వారానికి 21 గంటల పని మామూలు. చాలాచోట్ల ఇళ్లన్నీ పూర్తయ్యాకే ఏది ఎవరిదో చీటీ వేస్తారు. మన దగ్గర ఎవరి స్థలం వాళ్లది కాబట్టి చీటీ కుదరదు. హాజరు పుస్తకం కుదురుతుంది. రాకపోతే ఆ రోజు కూలి కట్టాలి. పుస్తకం నేను రాస్తే నన్నే అనుమానిస్తారని, పదో తరగతి చదివే పిల్లకి అప్పజెబుతాను. వాళ్ల నాన్నకి కూడా రెండుసార్లు సున్నా పెట్టింది.