దుప్పి ఎవరిదీ కాదు, కొండ మాత్రం దొరదే

స్కాట్లాండ్ చట్టం ప్రకారం అడవి దుప్పి ఎవరి సొత్తూ కాదు. దాన్ని వేటాడే హక్కు మాత్రం అది ఆ పూట ఎవరి నేలలో మేస్తుంటే వారిది. పోలీసులు ఇచ్చిన తుపాకీ సర్టిఫికెట్ జేబులో ఉన్నా, ఎస్టేటు అనుమతి లేనిదే వేట లేదు. దుప్పుల సంఖ్యపై అక్కడ నడుస్తున్న తగవుకు మూలం ఈ మెలికే.

పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి హైలాండ్స్ (స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండసీమ) భూస్వాములు రైతు కుటుంబాలను ఖాళీ చేయించి, ఆ లోయల్లో గొర్రెలను దించారు. 1870ల తర్వాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఉన్ని వచ్చి పడటంతో గొర్రెలూ గిట్టుబాటు కాలేదు. అప్పటికే రాజకుటుంబం 1848లో అక్కడి బాల్మోరల్ ఎస్టేటును అద్దెకు తీసుకుని, 1852లో కొనేసింది. దాంతో కొండ వేట గొప్పింటి మోజైంది. గొర్రెల నేల కాస్తా ‘డీర్ ఫారెస్టు’గా, అంటే దుప్పుల వేటభూమిగా మారింది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఆ ఫారెస్టులో చెట్లూ అంతే. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అవి సుమారు 35 లక్షల ఎకరాలకు పాకాయి.

1886 నాటి క్రాఫ్టర్ల చట్టం చిన్న కౌలుదార్లకు భద్రత ఇచ్చింది కానీ, పోయిన భూమిని తిరిగి ఇవ్వలేదు. మరుసటి ఏడాది నవంబరులో లూయిస్ దీవిలో భూమిలేని పేదలు పార్క్ అనే వేటభూమిలోకి చొరబడి, దుప్పులను కాల్చి అక్కడే వండుకు తిన్నారు. నాయకులను ఎడిన్‌బరోలో విచారిస్తే, జ్యూరీ నిర్దోషులని తేల్చింది.

ఈ వేటలో అతిథిని నడిపించేది స్టాకర్, అంటే ఎస్టేటు జీతగాడు. గాలికి ఎదురుగా, వాగు గట్ల చాటున, బురదలో పొట్ట మీద పాకించి తీసుకెళతాడు. ఏ దుప్పిని కాల్చాలో చెప్పేదీ అతడే. ఎంతటి కోటీశ్వరుడైనా అక్కడ జీతగాడి మాట వినాల్సిందే. ఈ వ్యవస్థ మొత్తంలో నాకు నచ్చేది ఇదొక్కటే.

వేట నిషేధ కాలం చట్టంలోకి వచ్చింది 1959లో. దుప్పుల సంరక్షణ, నియంత్రణ చూసే రెడ్ డీర్ కమిషన్ పుట్టిందీ ఆ చట్టంతోనే. ఆ లెక్కన మగదుప్పుల వేట జులై 1 నుంచి అక్టోబర్ 20 వరకే ఉండేది. కానీ ఏడాదికి ఎన్ని మగదుప్పులు దొరుకుతాయన్న దాన్ని బట్టి ఎస్టేటుకు ధర కట్టే అలవాటు ఉన్నచోట మందను తగ్గించాలని ఏ యజమానికి ఉంటుంది? తోడేళ్లు ఎప్పుడో అంతరించాయి. మొలిచిన ప్రతి పైన్ మొక్కా దుప్పి నోట్లోకే పోతోంది. అన్ని జాతులూ కలిపి దుప్పుల సంఖ్య పది లక్షలకు చేరువై ఉండవచ్చని 2020లో ప్రభుత్వం నియమించిన బృందం అంచనా వేసింది.

అందుకే 2023 అక్టోబరులో మగదుప్పులకు నిషేధ కాలాన్ని ఎత్తేశారు. ఆడదుప్పులకు మాత్రం ఉంచారు, తల్లి పోతే కూన బతకదు కాబట్టి. ఈ సడలింపును గట్టిగా వ్యతిరేకించింది పర్యావరణవాదులు కారు, ఎస్టేటుల వేట ఉద్యోగుల సంఘం.