తాతయ్య పలకడం లేదంటే

విజయవాడ

చిరంజీవులు పిల్లలకు నానమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది, తాతయ్యకి నా మీద కోపమా, పిలిస్తే పలకట్లేదేం అని. పెద్దాడేమో తాతయ్యకి మతిమరుపు వచ్చేసిందన్నాడు. రెండూ కాదర్రా. ఆయనకి వినికిడి తగ్గుతోంది. ఇలాంటివి మీ వయసు పిల్లల్ని కూర్చోబెట్టి ఎవరూ చెప్పరు గనక నేనే రాస్తున్నా.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా అని ఒక చిన్న భాగం ఉంటుంది. అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 కణాలు, కొసన సన్నటి పోగులతో. శబ్దం తగలగానే అవి కదిలి మెదడుకి కబురు పంపుతాయి. వయసు మీద పడేకొద్దీ అవి చచ్చిపోతుంటాయి. ఏళ్ళతరబడి మోతలో పనిచేసినవాళ్ళకి ఇంకా తొందరగా పోతాయి. పోయినవి మళ్ళీ పుట్టవు. మీ తాతయ్య ఉద్యోగమంతా ఆటోనగర్‌లోనే గడిచింది, ఒకపక్క లేతు మిషన్లు, ఇంకోపక్క లారీ బాడీలకి రేకులు కొట్టే సుత్తులు. రోజూ ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ దాటిన మోతలో ఉంటే చెవికి చేటు. ఆ రోజుల్లో చెవులకి అడ్డం పెట్టుకున్నవాళ్ళని నేనైతే చూడలేదు.

ముందు దెబ్బతినేవి సన్నటి, కీచు శబ్దాలు పట్టుకునే కణాలు. అందుకే మీ నాన్న బొంగురు గొంతు అందుతుంది, మీ గొంతు అందదు. మాటల్లో కూడా అచ్చులు గట్టిగా వినపడతాయి. క, చ, త, ప, స లాంటివి తేలిపోతాయి. పోయిన సెలవుల్లో చిన్నది ‘తాతయ్యా, పాలు తేనా?’ అంటే ‘కాలు బానే ఉందమ్మా, నొప్పి తగ్గింది’ అన్నారు. మీరంతా పడీపడీ నవ్వారు. ఆయనకి ఆ మాట చివర చక్కగానే వినపడింది, మొదటి అక్షరమే అందలేదు. పాలో, కాలో, చాలో తనే ఊహించుకుని జవాబిచ్చారు. పొద్దస్తమానం ఆయన చేస్తున్న పని ఇదే. సాయంత్రానికి అలసిపోయి గదిలోకి వెళ్ళి పడుకుంటే మనం చిరాకు అనుకుంటున్నాం.

టీవీ సౌండు పెంచితే అందరికీ తెలుస్తుంది. నేను గమనించేవి వేరే. పెళ్ళి భోజనాల్లో పక్కవాళ్ళేదో అంటే నవ్వి తలూపేస్తారు. ఫోను మోగితే నా చేతికిస్తారు. మిక్సీ తిరుగుతుంటే ఒక్క ముక్కా అందదు, అదే మేమిద్దరమే ఉంటే బాగానే వింటారు. దాంతో ‘తనకి కావలసినవి మాత్రం వినపడతాయి’ అని నింద. ఎంత అన్యాయమో చూడండి! వినికిడి లోపాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే పెద్దవయసులో డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినే జబ్బు) ముప్పు పెరుగుతుందని 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ కూడా చెప్పింది. నలుగురిలో కలవడం మానేస్తే మనిషి ముడుచుకుపోడూ మరి?

ఆయనతో మాట్లాడేటప్పుడు అరవకండి. అరిస్తే మోత పెరుగుతుంది గానీ పోయిన అక్షరం రాదు, పైగా చెవిలో పోటు పెడుతుంది. టీవీ ఆపి, ఎదురుగా వచ్చి, మీ మొహం కనపడేలా నిలబడి నెమ్మదిగా చెప్పండి. అందకపోతే అదే మాట కాకుండా ఇంకోలా చెప్పండి. ‘ఏం లేదులే తాతయ్యా’ అని మాత్రం అనొద్దు. ఆ మాటకి ఆయన మొహం చిన్నబోతుంది.

ఒక్కోసారి గులిమి గట్టిపడినా వినపడదు, డాక్టరు తీసేస్తే సరిపోతుంది. పిన్నీసులు పెట్టి తిప్పకూడదు. ఇంకోటి గుర్తుంచుకోండి: ఎవరికైనా సరే, ఒక చెవి ఉన్నట్టుండి వినపడడం మానేస్తే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆలస్యమయ్యేకొద్దీ వినికిడి తిరిగొచ్చే ఆశ తగ్గిపోతుంది.

వచ్చే వారం మీ నాన్న ఆయన్ని ఆడియోమెట్రీకి, అంటే వినికిడి ఎంతుందో కొలిచే పరీక్షకి, తీసుకెళ్తాడు. చెవి మిషను పెడితే మొదట్లో గిన్నెల చప్పుడూ, ఆటో హారన్లూ అన్నీ మీదపడి తీసేస్తానంటారు. మెదడుకి అలవాటవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మీరు సాయంత్రంపూట వీడియో కాల్ చెయ్యండి. అందరూ ఒక్కసారే కాదు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మాట్లాడండి.

ఇట్లు,
మీ నానమ్మ