ఫ్రాంఛైజీ తీసుకునే ముందు: చట్టం, సంఘం, అగ్రిమెంట్ గురించి కొన్ని అపోహలు

ఫ్రాంఛైజీ తీసుకునేవారికి అండగా ఉండేవి మూడు: చట్టం, పరిశ్రమ సంఘం నియమావళి, సంతకం పెట్టే అగ్రిమెంట్. ఒకటి చేయాల్సిన పని ఇంకొకటి చేస్తుందిలే అనుకున్నచోటే డబ్బు పోతుంది.

అపోహ: డిస్‌క్లోజర్ డాక్యుమెంట్ ఇచ్చారంటే ప్రభుత్వం తనిఖీ చేసినట్టే.

వాస్తవం: అమెరికాలో ఫ్రాంఛైజ్ రూల్ 1979 నుంచి అమల్లో ఉంది. ఫ్రాంఛైజీ ఇచ్చే కంపెనీ తన వివరాలు 23 అంశాలుగా (వీటినే 'ఐటమ్' అంటారు) వెల్లడించే ఎఫ్‌డీడీ, అంటే ఫ్రాంఛైజ్ డిస్‌క్లోజర్ డాక్యుమెంట్ ఇవ్వాలి. కానీ ఆ రూల్‌ను అమలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని ముందుగా చదివి ఆమోదించదు, దాఖలు చేయమని కూడా అడగదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి కొన్ని రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉంది. అక్కడ కూడా చూసేది వివరాలన్నీ ఇచ్చారా లేదా అనే. ఆ వ్యాపారంలో లాభం వస్తుందా రాదా అన్నది వాళ్ల పని కాదు.

కాబట్టి చదవాల్సింది మీరే. ముందు ఐటమ్ 7 తీయండి. పెట్టుబడి అంచనాలో 'అదనపు నిధులు' అనే వరుస ఉంటుంది. అది తొలి దశకు మాత్రమే సరిపోయే లెక్క, ఆ దశ కనీసం మూడు నెలలు ఉంటే చాలు. రాబడి, ఖర్చు సమానం కావడానికి ఏడాది పట్టే వ్యాపారంలో ఆ అంకెనే నమ్ముకుంటే నాలుగో నెల అద్దెకే కటకట పడాలి.

ఐటమ్ 19లో ఆదాయం లెక్కలుంటాయి. వాటిని ఇవ్వడం తప్పనిసరి కాదు. ఇవ్వని కంపెనీ తరఫున ఎవరైనా "నెలకు ఇంత మిగులుతుంది" అని నోటితో చెబితే అది నిబంధన ఉల్లంఘనే. లెక్కలు ఇచ్చినచోట అవి ఎన్ని శాఖలవో, అందులో కంపెనీ సొంతంగా నడిపేవి ఎన్నో చూడండి. నాలుగు పెద్ద శాఖలు సగటును ఎంతైనా పైకి లాగగలవు.

మా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఐటమ్ 20. అందులో మూడేళ్ల శాఖల పట్టికలుంటాయి. మూతపడినవి తక్కువగా కనిపించినంత మాత్రాన నిశ్చింత పడకండి. నష్టాల్లో ఉన్న శాఖను యజమాని అయినకాడికి అమ్ముకుంటే అది మూసివేత కింద రాదు, 'బదిలీ' కింద వస్తుంది. అందుకే బదిలీల అంకె ఏటేటా పెరుగుతుంటే ఎందుకో అడగాలి. గత ఆర్థిక సంవత్సరంలో బయటికి వెళ్లినవారి పేర్లు, సంప్రదించే వివరాలు కూడా అక్కడే ఉంటాయి. కనీసం ఐదారుగురితో మాట్లాడండి. కొందరు నోరు విప్పకపోతే, గోప్యత షరతుపై సంతకం పెట్టించారేమో అదే ఐటమ్‌లో తెలుస్తుంది.

అపోహ: సంఘంలో సభ్యత్వం ఉన్న బ్రాండ్‌తో భయం లేదు.

వాస్తవం: సంఘం నియమావళి సభ్యులకే వర్తిస్తుంది. తప్పు చేసినవారిని సంఘం మందలించగలదు, చివరికి బయటికి పంపగలదు. మీ ఫీజు తిరిగి ఇప్పించే అధికారం మామూలుగా దానికి ఉండదు. ఆస్ట్రేలియాలో 1993లో స్వచ్ఛంద నియమావళి పెట్టారు. చాలా కంపెనీలు చేరకుండా బయటే ఉండిపోవడంతో అది నిలవలేదు. 1998 జూలై 1 నుంచి చట్టబద్ధమైన నియమావళి తెచ్చారు. బ్రిటన్‌లో ఇప్పటికీ ఫ్రాంఛైజీకి ప్రత్యేక చట్టం లేదు. 1977లో ఏర్పడిన బ్రిటిష్ ఫ్రాంఛైజ్ అసోసియేషన్ నియమావళి ఉంది, కానీ చేరడం కంపెనీ ఇష్టం.

అలాగని స్వీయ నియంత్రణ దండగ కాదు. సంఘం ద్వారా జరిగే మధ్యవర్తిత్వం కోర్టు కన్నా చౌక, త్వరగా తేలుతుంది. మీరు చేయాల్సిందల్లా ఒకటే: 'సంఘం నియమావళి ఈ ఒప్పందంలో భాగం' అనే వాక్యం అగ్రిమెంట్‌లో రాయించండి. అప్పుడు కంపెనీ సంఘం నుంచి తప్పుకున్నా ఆ షరతులు మిగులుతాయి.

అపోహ: సంతకం పెట్టాక 14 రోజుల్లో వెనక్కి తగ్గవచ్చు.

వాస్తవం: అమెరికా ఫెడరల్ రూల్‌లోని 14 రోజులు సంతకానికి ముందువి. డాక్యుమెంట్ అందిన మర్నాటి నుంచి లెక్కపెట్టి, 14 రోజులూ గడిచాకే సంతకం, చెల్లింపు. సంతకం తర్వాత మనసు మార్చుకునే గడువు ఆ రూల్‌లో లేదు. ఫ్రాన్స్‌లో 1989 నాటి చట్టం 20 రోజులు ఇచ్చింది, అవీ ముందువే. ఆస్ట్రేలియాలో మాత్రం కొత్త అగ్రిమెంట్‌కు ముందు 14 రోజులు, తర్వాత మరో 14 రోజులు ఉన్నాయి.

డాక్యుమెంట్ అందిందని మీరు సంతకం పెట్టే ఐటమ్ 23 రసీదు మీద పాత తేదీ వేయమంటే వేయకండి. గడువు పాటించలేదని చెప్పుకోవడానికి మీకుండే సాక్ష్యం అదే.

అపోహ: 'లైసెన్స్' అని రాసుకుంటే ఫ్రాంఛైజీ చట్టం వర్తించదు.

వాస్తవం: పేరుతో పనిలేదు. ట్రేడ్‌మార్క్ వాడకం, నిర్వహణపై గణనీయమైన అదుపు లేదా సహాయం, తప్పనిసరి చెల్లింపు, ఈ మూడూ ఉంటే అమెరికా రూల్ దాన్ని ఫ్రాంఛైజీగానే చూస్తుంది. అమ్మకానికి కావలసినంత సరుకును న్యాయమైన టోకు ధరకు కొంటే మాత్రం అది ఆ చెల్లింపు కిందికి రాదు.

ఇంకొక మాట. ఆ ఫెడరల్ రూల్ ఉల్లంఘించారని మీరు సొంతంగా దావా వేయలేరు, చర్య తీసుకునేది కమిషనే. మీ దావా రాష్ట్ర చట్టం మీదో, అగ్రిమెంట్ మీదో నిలబడాలి. అగ్రిమెంట్‌లో 'ఇందులో రాసినదే మొత్తం ఒప్పందం' అనే క్లాజు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. చుట్టుపక్కల ఇంకో శాఖ పెట్టబోమని మాటిచ్చారా? ఎంత దూరం వరకో, ఎన్నేళ్ల వరకో, ఆన్‌లైన్ ఆర్డర్లు ఎవరికి చెందుతాయో సంతకానికి ముందే అనుబంధ పత్రంగా రాయించి జతచేయండి.