అమ్మని అడిగితే చిన్నతనమా?

స్నేహితురాలితో గొడవైంది. ఏం చేయాలో తేల్చుకునే ముందు అమ్మతోనో నాన్నతోనో మాట్లాడతావా? అవునంటే మార్కులు తగ్గుతాయి. టీనేజ్ పిల్లలు మానసికంగా ఎంత స్వతంత్రులయ్యారో కొలవడానికి లారెన్స్ స్టైన్‌బర్గ్, సుసాన్ సిల్వర్‌బర్గ్ 1986లో అమెరికాలో తయారుచేసిన ప్రశ్నావళి తీరు ఇది.

ఇదే ప్రశ్న ఇస్తాంబుల్‌లో పదహారేళ్ల అమ్మాయిని అడిగామనుకోండి. తనకన్నా పెద్దవాళ్లని 'అబ్లా', 'అబీ' అంటుంది (మన అక్కా, అన్నయ్యా లాంటివే). పండగపూట పెద్దల చేతిని ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకుంటుంది. యూనివర్సిటీలో ఏ కోర్సులో చేరాలో ఇంట్లో అందరితో కూర్చుని మాట్లాడుతుంది. ఆమెకి మార్కులు తక్కువే వస్తాయి. అంటే ఇంకా ఎదగనట్టేనా?

టర్కీ మనస్తత్వవేత్త చీదెమ్ కాయిత్చిబాషి (1940–2017) కాదన్నారు. నిర్ణయం ఎవరిదన్నది ఒక సంగతి, మనవాళ్లకి ఎంత దగ్గరగా ఉన్నామన్నది ఇంకో సంగతి. రెండింటినీ ఒకే తక్కెడలో వేయడమే తప్పని ఆమె వాదన. సొంత బుర్రతో ఆలోచిస్తూనే ఇంటివాళ్లతో దగ్గరగా ఉండొచ్చు.

ఇలాంటి పెంపకం వెనక డబ్బు లెక్క ఉందంటారామె. పల్లెలో పిల్లలంటే పొలానికి పనివాళ్లు, ముసలితనానికి ఆసరా. అలాంటి చోట చెప్పినమాట వినే బిడ్డే కావాలి. పట్నంలో జీతం, పెన్షన్ వచ్చాక ఆ అవసరం తగ్గుతుంది, మమకారం తగ్గదు. పైగా బడిలో, ఉద్యోగంలో సొంతంగా ఆలోచించేవాళ్లే నెగ్గుతారు. అందుకే పెద్దలు పగ్గం వదులుతారు, చేయి వదలరు.

ఇంటివాళ్లకి దగ్గరగా ఉంటే, తనమీద తనకి ఉండే గౌరవం తగ్గుతుందా? అమెరికాలోనే రిచర్డ్ రయన్, జాన్ లించ్ 1989లో ఆ ప్రశ్నావళిని పరీక్షించారు. అందులో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్లల్లో, తాము ప్రేమకి తగినవాళ్లమన్న నమ్మకం తక్కువగా కనిపించింది. స్వేచ్ఛ అనుకున్నదాంట్లో కొంత ఒంటరితనమే! అలాగని దగ్గరితనమంతా మంచిదని నేననను. 'నీ కోసం ఇంత చేశాం' అని గుర్తుచేస్తూ కట్టిపడేసే ఇళ్లు టర్కీలోనూ ఉన్నాయి, మన దగ్గరా ఉన్నాయి.

కాయిత్చిబాషి బృందం 1982లో ఇస్తాంబుల్ పేదవాడల తల్లులతో పని మొదలుపెట్టింది. గుంపులుగా కూర్చోబెట్టి, ప్రేమ తగ్గకుండానే పిల్లల్ని సొంతంగా పనులు చేసుకోనివ్వడం గురించి మాట్లాడించారు. ఆ పిల్లలు టీనేజ్‌కి వచ్చాక మళ్లీ కలిశారు. తల్లులు ఇందులో పాల్గొనని పిల్లల కంటే వీళ్లు ఎక్కువగా బడిలోనే కొనసాగుతున్నారు. చిన్నప్పుడు అమ్మ ఎలా ఉండేదని అడిగితే, తమతో మాట్లాడేదనీ, ఓదార్చేదనీ చెప్పారు.