పడవకు ఇంకా రంగెందుకు వేయలేదంటే

చిన్నూ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో పడవ చూపిస్తే ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. "మేమున్నప్పుడు సగమైనా ఎర్రగా ఉండేది, బోడిగా చేసిపెట్టావేంటి తాతయ్యా" అంది బుజ్జి. మూడు వారాలు ఏం చేశానో ఫోన్లో చెప్పబోతే అమ్మమ్మ పక్కనుంచి నవ్వుతుంది. అందుకే రాస్తున్నాను.

మన విజయవాడ ఇంట్లో సిల్వర్ గిన్నెలంటామే, ఈ పడవదీ ఆ లోహమే, అల్యూమినియం. గాలి తగిలిన క్షణంలోనే అది ఒంటిమీద అల్యూమినియం ఆక్సైడ్ అనే సన్నని పొర కట్టుకుంటుంది. కంటికి కనపడదు. ఇనుముకు పట్టిన తుప్పు పెచ్చులుగా రాలి లోపలి ఇనుమును కూడా తినేస్తుంది కానీ, ఈ పొర గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పదెకరాలూ అంతకు మించీ ఉన్న సరస్సులే 11,842. వాటిమీద 1960ల నాటి అల్యూమినియం పడవలు ఇప్పటికీ తిరుగుతున్నాయంటే ఆ పొర పుణ్యమే. నిజానికి మంచినీళ్ళలో తిరిగే ఇలాంటి పడవకు రంగు అక్కర్లేదు. మనది సున్నం రాలిన గోడలా ఉందని, మీరు మారాం చేశారని పాత ఎర్ర రంగు గీకడం మొదలుపెట్టాను, అంతే.

చిక్కు ఏమిటంటే, ఆ పొరమీద రంగు సరిగ్గా పట్టదు. మీరు వెళ్ళిన వారం ముందు భాగం సాయంత్రం దాకా రుద్ది, అలసిపోయి వదిలేశాను. రాత్రి మంచు పడింది. పొద్దున నున్నగా ఉందో లేదో అని చేత్తో తడిమాను, మధ్యాహ్నం తీరిగ్గా ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, వేశాను. రెండు రోజులయ్యాక గోరుతో గీరితే అరటి తొక్కలా ఊడొచ్చింది! తేమ, చేతి జిడ్డు, మళ్ళీ కట్టిన పొర, మూడూ కలిసి నా రోజంతటి పని తినేశాయి.

ఇంకో తమాషా. మనం రుద్దిన ఉప్పు కాగితం ఉంది కదా, దానిమీది గరుకు పొడి కూడా అల్యూమినియం ఆక్సైడే. అంటే పడవ ఒంటిమీద పొర ఏదో, దాన్ని గీకే పొడీ అదే. అమ్మమ్మ ఉంగరంలో కెంపు కూడా అదే పదార్థం, కాస్త క్రోమియం కలిసి ఎర్రబడింది.

ఎర్ర రంగు కింద పసుపు పచ్చగా ఒక పూత కనపడగానే మిమ్మల్ని ఇంట్లోకి తరిమేశాను. చిన్నూకి ఆ కోపం ఇంకా పోలేదని తెలుసు. అది జింక్ క్రోమేట్ ప్రైమర్‌లా ఉంది. ఒకప్పుడు విమానాలకు వేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీ ఆ తర్వాత అల్యూమినియం కెనూలు, అంటే తెడ్డుతో నడిపే సన్నని పడవలు, చేసి అమ్మింది. రేకులను రివెట్లతో, అంటే తల ఉన్న లోహపు మేకులతో, కలిపి కుట్టే పద్ధతి అక్కడా ఇక్కడా ఒకటే. క్రోమేట్ దుమ్ము పీలిస్తే క్యాన్సర్ ప్రమాదం ఉంది. అందుకే ఆ భాగమంతా మంచి మాస్క్ పెట్టుకుని, నీళ్ళతో తడుపుతూ రుద్దాను, దుమ్ము లేవకుండా. ఇనుప తీగల బ్రష్ వాడలేదు. ఇనుప రవ్వలు ఇరుక్కుంటే అక్కడ తుప్పు మచ్చలు లేస్తాయి. కాస్టిక్ సోడా అయితే రంగుతోపాటు పడవనే కరిగిస్తుంది.

బిందె కారుతోందేమో చూడాలంటే నీళ్ళు పోసి కింద చూస్తాం కదా? పడవనూ ట్రైలర్ మీదే ఉంచి లోపల జానెడు లోతు నీళ్ళు పట్టాను. కింద పడుకుని చూస్తే పదకొండు రివెట్ల దగ్గర చుక్కలు. పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాను. నీళ్ళు వదిలేశాక అమ్మమ్మ బయట రివెట్ తలకు బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంది, నేను లోపలి నుంచి సుత్తితో బిగించాను. ఒకసారి సుత్తి జారింది. ఆవిడ నవ్వేది దానికే.

బుజ్జీ, నువ్వు పోగొట్టుకున్న సెంటు నాణెం పడవ అడుగున దొరికింది. మంచిపనైంది. నాణెం పైపూత రాగి. రాగికీ అల్యూమినియానికీ పడదు. రెండూ తాకి మధ్యలో నీళ్ళుంటే చిన్న బ్యాటరీలా పనిచేసి, అల్యూమినియం గుంటలు పడుతుంది. సముద్రపు పడవల అడుగున నాచు పట్టకుండా వేసే రాగి రంగులు దీనికి వేయకూడదనేది అందుకే. చెద పట్టకుండా రాగి మందు పట్టించిన చెక్క కూడా వద్దు. మోటారు బిగించే చోట చెక్క కుళ్ళిపోతే మామూలు మెరైన్ ప్లైవుడ్ తెచ్చి వార్నిష్ వేశాను.

నిన్న మళ్ళీ రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, గంటలోపే ప్రైమర్ వేశాను. ఈసారిది యాసిడ్ ఉన్న ప్రైమర్. సిల్వర్ గిన్నెలో చింతపండు పులుసు నిలవ ఉంచొద్దని అమ్మమ్మ అంటుంది చూడు, పులుపు ఆ పొరను తింటుందని! ఈ యాసిడ్ కూడా అలాగే పొరను కొరికి, ప్రైమర్‌కు పట్టు దొరికేలా చేస్తుంది. ఇవాళ గీరి చూశాను, ఊడలేదు.

ఇక రంగు. చిన్నూ నీలం అంటాడు, బుజ్జి మామిడిపండు పసుపు అంటుంది. పడవ రెండువైపులా రిజిస్ట్రేషన్ నంబరు కనీసం మూడంగుళాల ఎత్తున, రంగుకు ఎదురుగా కొట్టొచ్చినట్టు కనపడాలి. నా దగ్గరున్నవి తెల్ల అంకెల స్టిక్కర్లు, పసుపుమీద ఆనవు. పసుపే కావాలంటే నల్లవి కొనాలి. డబ్బామీద రాసిన గడువులోగా పైన రంగు వేయకపోతే ప్రైమర్ మళ్ళీ రుద్దాలి, ఆదివారం వాన ఉందంటున్నారు. శుక్రవారం లోపు ఇద్దరూ ఒకమాట మీదికి వచ్చి ఫోన్ చేయండి.

మీ తాతయ్య