అడుగులు అవే, టీఎంసీలు వేరు

మాది దివిసీమ, కాలవ చిట్టచివర ఉన్న పొలం. జూన్ వస్తే నాన్న పేపర్లో ముందు వెతికేది జలాశయాల నీటిమట్టాల పట్టిక. శ్రీశైలం ఎంతకొచ్చింది, సాగర్ ఎంతకొచ్చింది చూసుకుని ఆ అంకెల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టేవాడు. నారు ఎప్పుడు పోయాలన్నది అక్కడే తేలేది.

ఆ పట్టికలో ఒక సంగతి నాకు చాలా ఆలస్యంగా కంటబడింది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. కట్టినప్పుడు ఆ ఎత్తున పట్టే నీరు 308 టీఎంసీలని లెక్క. ఇప్పుడు అదే 885 ఎదురుగా 215.81 అని వేస్తున్నారు. సాగర్‌లో 590 అడుగుల దగ్గర 408 ఉండేది, 312కి దిగింది. అడుగులు అవే. నీళ్లుండాల్సిన చోట ఒండ్రు చేరింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, దాదాపు 2,830 కోట్ల లీటర్లు. రెండు జలాశయాల్లో కలిపి పోయిన చోటు 188 టీఎంసీలు. పులిచింతల నిండా నింపినా పట్టేది 45.77. అంటే అలాంటి ప్రాజెక్టులు నాలుగు మట్టిలో కలిసిపోయాయి.

యాభై ఏళ్ల ముందుచూపుతో వేసే నీటి ప్రణాళిక ఏదైనా చివరికి కొన్ని అంకెల మీదే నిలబడుతుంది. ఆ అంకె ఎలా పుట్టిందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

రాష్ట్రాల మధ్య కృష్ణా నీళ్ల తగువు తీర్చడానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ఎదుట ఉన్న ప్రశ్న ఇది: కృష్ణలో ఏటా ఎన్ని నీళ్లు వస్తాయని నమ్మి పంచాలి? విజయవాడ దగ్గర 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల లెక్కలున్నాయి. బడిలో మార్కుల లిస్టు వేసినట్టు, ఎక్కువ నీళ్లొచ్చిన ఏడాది నుంచి తక్కువ వచ్చిన ఏడాది దాకా ఆ 78 ఏళ్లనూ వరసగా పేర్చండి. పైనుంచి దిగుతూ 59వ ఏడాది దగ్గర ఆగండి. నూటికి 75 ఏళ్లు అంతకు తగ్గకుండా వస్తాయన్నమాట. 75 శాతం డిపెండబిలిటీ అంటే ఇదే. అలా తేలినవి 2,060 టీఎంసీలు. మనం రోజూ వినే ‘నికర జలాలు’ ఇవే. పొలాలకు పారి మళ్లీ నదిలో కలిసే నీటిని కూడా చేర్చి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811, కర్ణాటకకు 734, మహారాష్ట్రకు 585 ఇచ్చారు.

నికరం అన్న మాట వింటే గుండె నిబ్బరంగా ఉంటుంది. కానీ నాలుగేళ్లకు ఒకసారి అన్ని నీళ్లు రావని ఆ లెక్కే చెబుతోంది. పైగా ఆ కరువు ఏళ్లు వంతులవారీగా రావు. 2002, 2003లో వచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడతాయి.

తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010 నివేదికలో 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్లు తీసుకుంది. అదే 75 శాతానికి ఈసారి 2,173 టీఎంసీలు వచ్చాయి. నది అదే, సూత్రం అదే. ఎంచుకున్న ఏళ్లు మారితే 113 టీఎంసీలు పెరిగాయి. 65 శాతం చాలనుకుంటే 2,293, సగటు చూస్తే 2,578. ఇందులో ఏది నది అసలు రాబడి? అన్నీ అంచనాలే. కానీ కాగితం మీద రాసి సంతకం పెట్టాక అంచనా హక్కుగా మారుతుంది. ఆ హక్కును నమ్ముకుని కాలవలు, ఆయకట్టు, ఊళ్లు పుట్టుకొస్తాయి.

కొలతలోనూ చిక్కుంది. విజయవాడ దగ్గర పారేది పైవాళ్లు వాడుకోగా మిగిలిన నీరు. వాడినదంతా తిరిగి కూడితేనే నది మొత్తం తెలుస్తుంది. వందేళ్ల కింద పైన వాడకం తక్కువ, కూడాల్సిందీ తక్కువ. ఇప్పుడు ఆల్మట్టి, నారాయణపూర్, తుంగభద్ర, జూరాల, వేల చెరువులు, వాగుల ఊటను లాగేసే బోర్లు. వీటి వాడకాన్ని సరిగ్గా కొలవకుండా వేసే ముందు అంచనా ఏదైనా ఊహే అవుతుంది. కొత్త ప్రాజెక్టు శంకుస్థాపన కన్నా ప్రతి తూము దగ్గరా నమ్మదగిన మీటరు ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

ఏడాది మొత్తం చూస్తే కనపడనివి కూడా ఉంటాయి. 2023లో సాగర్ నిండలేదు. మరుసటి ఏడాది సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీళ్లు పోయాయి. అదే జోరుతో ఒక్క రోజంతా పారితే దాదాపు 99 టీఎంసీలు. బ్యారేజీ దాటిన నీళ్లను పట్టుకునే చోటు లేదు, అన్నీ సముద్రానికే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందుకే వర్షం మొత్తం పెద్దగా మారకపోయినా, కురిసే తీరు మారుతుంది. పాత 78 ఏళ్ల లిస్టులో ఈ తీరు ఎక్కడుంది?

అమెరికాలో కొలరాడో నదిని 1922లో పంచుకున్నప్పుడు ఇదే జరిగింది. చేతిలో ఉన్నవి బాగా వానలు పడిన ఏళ్ల లెక్కలు. నది ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ పంచేశారని, పాత కాలపు వానలూ కరువులూ ఆనవాళ్లుగా మిగిలే చెట్ల వలయాలు తర్వాత చెప్పాయి. 2022లో ఆ నది మీది జలాశయం మీడ్ సరస్సు, 1930లలో మొదటిసారి నింపుతున్న రోజుల తర్వాత ఎన్నడూ లేనంత కిందికి పోయింది.

దేశం మొత్తానికి చూస్తే, 1999లో జాతీయ సమగ్ర జలవనరుల కమిషన్ 2050 నాటి అవసరాన్ని 973 నుంచి 1,180 ఘనపు కిలోమీటర్లుగా అంచనా వేసింది. వాడుకోగలిగినది సుమారు 1,120. తక్కువ అంచనా నిజమైతే గట్టెక్కుతాం, ఎక్కువది నిజమైతే చాలదు. ఒక్క అంకె కాకుండా ఇలా రెండు కొసలూ చూపడం నాకు నచ్చింది. కాకపోతే ఆ లెక్కలో, కాలవ నీటిలో పంటకు అందే వాటా 35-40 శాతం నుంచి 60కి పెరుగుతుందని అనుకున్నారు. మా కాలవ గట్ల గండ్లు చూస్తే అదెంత పెద్ద పనో అర్థమవుతుంది.

నెదర్లాండ్స్‌లో వరదల నుంచి కాపాడుకునే డెల్టా ప్రణాళికను ఆరేళ్లకోసారి మళ్లీ తూకం వేస్తారు. సముద్రం ఇంత పెరిగితే ఈ పని, అంతకు మించితే ఆ పని అని దారులు ముందే గీసి పెట్టుకుంటారు. బచావత్ తీర్పులో సమీక్షకు పెట్టిన గడువు 2000 మే 31 తర్వాత. బ్రిజేష్ కుమార్ నివేదికలో 2050 మే 31 తర్వాత. ఒక రైతు తన వ్యవసాయ జీవితమంతా ఒకే అంకె కింద గడిపేయాలి.

నాన్న మాత్రం అంత కాలం ఆగలేదు. సార్వాకు సాంబ మసూరి విత్తనం సిద్ధం చేసుకునేవాడు, అది 150 రోజుల పంట. పక్కనే ఇంకో బస్తా, 120 రోజులకు చేతికొచ్చే 1010 రకం, అంటే కాటన్‌దొర సన్నాలు. క్యాలెండర్‌లో ఆగస్టు 15 దగ్గర గీత గీసేవాడు. అప్పటికి కాలవకు నీళ్లొస్తే మసూరి, లేకపోతే రెండో బస్తా మూతి విప్పేవాడు. ఆ గీతను కూడా ఏటా మార్చేవాడు, పోయిన ఏడు నీళ్లు ఏ తేదీన వచ్చాయో చూసుకుని.