సాగని దారం, సాగే బట్ట

మొన్న ఊలు అల్లుకుంటుంటే మా అక్క కూతురు పక్కన చేరింది. ఉండలోంచి జానెడు దారం తీసి, రెండు చేతులా గుంజి చూసి, "పిన్నీ, దారం సాగట్లేదు. మరి స్వెట్టరెట్లా సాగుతోంది?" అంది. ఇన్నేళ్ళుగా అల్లుతున్నాను, ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. ఆ సాయంత్రమంతా దానితోనే గడిచిపోయింది.

కిటుకంతా దారం నడిచిన దారిలో ఉంది. నేసిన గుడ్డలో పడుగూ పేకా ఇంచుమించు తిన్నగా ఉంటాయి. తిన్నగా ఉన్నదాన్ని లాగితే ఇంకెక్కడికి పోతుంది? అల్లికలో తిన్నటి పోగే ఉండదు. ఒకే దారం మెలికలు తిరుగుతూ పోతుంది, ప్రతి మెలికా కింది వరుస మెలికలోంచి తల బయటపెడుతుంది. ఒక్క కుట్టును దగ్గరగా చూడండి: గుండ్రటి తల, రెండు కాళ్ళు. బట్టను అడ్డంగా లాగితే కాళ్ళలోని దారం తలలోకి జారి, కుట్టు పొట్టిగా, వెడల్పుగా మారుతుంది. నిలువుగా లాగితే తలలోది కాళ్ళలోకి దిగుతుంది. దారం పొడవు పెరగలేదు, ఆకారం మారిందంతే.

వదిలేస్తే మళ్ళీ ఎందుకు ముడుచుకుంటుంది? వంచిన వెదురుబద్ద నిటారు కావాలని తన్నుకున్నట్టే వంగిన దారమూ తన్నుకుంటుంది. లాగినప్పుడు కొన్నిచోట్ల వంపు ఇంకా బిగుస్తుంది, మనం పెట్టిన శక్తి ఆ వంపుల్లో దాగుతుంది, వదలగానే కుట్టును వెనక్కి నెడుతుంది. దారం దారాన్ని తాకేచోట రాపిడి మాత్రం దానికి అడ్డుపడుతుంది. స్వెట్టర్ మోచేతి దగ్గర బుంగలా ఉండిపోయేది అందుకే. తడిపి, పిండకుండా నీళ్ళు ఒత్తి తీసేసి, చదునుగా ఆరబెడితే కుట్లు జారి చాలావరకు సర్దుకుంటాయి.

నన్ను అన్నిటికన్నా మురిపించేది ఇంకొకటుంది. అల్లికలో ఉన్నవి ప్రధానంగా రెండే కుట్లు, నిట్, పర్ల్. నిజానికి రెండూ ఒకటే, ఒకదాని వెనకవైపే రెండోది. ముందువైపు అన్నీ నిట్ కుట్లే వస్తే బట్ట పక్క అంచులు వెనక్కీ, పైకింది అంచులు ముందుకీ చుట్టుకుంటాయి. ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున నిలువు వరసలు వేస్తే ఆ చుట్టుకునే గుణాలు ఎదురెదురై బట్ట మడతలు మడతలుగా దగ్గరికొస్తుంది. స్వెట్టర్ బార్డరు నడుమును పట్టుకుని ఉండేది ఈ మడతలవల్లే. బట్టను అటూ ఇటూ తిప్పుకుంటూ ప్రతి వరుసా నిట్ వేస్తూ పోతే, ముందువైపు ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ కనిపించి, బట్ట నిలువునా బాగా సాగుతుంది. అదే దారం, అవే సూదులు! అమెరికాలోని జార్జియా టెక్‌లో ఎలిసబెత్తా మాట్సుమోటో అనే భౌతిక శాస్త్రవేత్త, ఆమె బృందం, కుట్ల అమరికను బట్టి బట్ట సాగే తీరు ఎలా మారుతుందో పరిశోధిస్తున్నారు. కుట్లు అల్లికలంటే ఆడపిల్లల కాలక్షేపమని పక్కన పెట్టిన బళ్ళలో ఒక్క రోజైనా వీటిని లెక్కల పీరియడ్లో చూపిస్తే ఎంత బాగుండును!

మనసు సంగతీ చెప్పాలి. 2013లో ఒక ఆక్యుపేషనల్ థెరపీ (పనుల ద్వారా చేసే చికిత్స) పత్రికలో వచ్చిన సర్వేలో 3,545 మంది అల్లేవాళ్ళు జవాబులిచ్చారు. తరచుగా అల్లేవాళ్ళలో ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామన్నవాళ్ళు ఎక్కువ. అడిగింది అల్లిక ఇష్టపడేవాళ్ళనే కాబట్టి దాన్ని మందుగా చెప్పలేం. నా మటుకు నాకు, రెండు వరుసలు దాటేసరికి ఊపిరి చేతుల లయకు కుదురుకుంటుంది. తప్పు వేశానా, దారం లాగితే వరుస వరుసే విడిపోతుంది, దారం మళ్ళీ చేతికొస్తుంది.

అక్క కూతురికి ఇరవై కుట్లు ఎక్కించి ఇచ్చాను. నాలుగో వరుసలో ఒక కుట్టు జారి, కింద దాకా నిచ్చెన మెట్లలా విడిపోయింది. ఏడుపు మొహం పెట్టింది. క్రోషే సూది అందించాను. కింది మెలికలో దాన్ని దూర్చి, పైనున్న మెట్టును పట్టి లాగింది. ఒక కుట్టు కట్టుకుంది. "ఇంకో మెట్టు పిన్నీ," అంటూ తనే పైకి ఎక్కించుకుంటూ పోయింది.